అరణ్యము లేని అభయారణ్యము

"అక్కడ చూడవలసినది ఏమున్నది?"

గత డిసెంబరు మాసములో మన కళాశాల కమిటీ పెద్దలలో ఒకరు నన్ను అడిగిన ప్రశ్న ఇది. జాతీయ సేవా పథకము విద్యార్థులు ఆదోనిలో రెండు పేటలయందును, ఎమ్మిగనూరులో మగ్గముల వీధియందును సాయంకాలపు పాఠములు చెప్పుచున్న సంగతి ఈ పత్రిక పాఠకులకు తెలిసినదే. ఆ పాఠములకు వచ్చు పిల్లలలో 22 మందిని ఒక రోజు రోళ్లపాడు పక్షుల అభయారణ్యమునకు తీసుకొనిపోదలచి, బస్సు బాడుగ మంజూరు చేయవలసినదని నేను అర్జీ పెట్టుకొన్నాను. పిల్లలకు ప్రకృతిని చూపవలెనన్నచో శ్రీశైలము ఉన్నది, నల్లమల ఉన్నది, అందులో పులులు కూడ ఉన్నవి. అంత దూరము వద్దనుకొన్నచో బెలుము గుహలు, ఓర్వకల్లు రాతివనము ఉన్నవి అని పెద్దలు సెలవిచ్చినారు. "రోళ్లపాడులో నీడకు ఒక చెట్టైనా లేదు గదా సార్!"

వారు చెప్పినది అక్షరసత్యము. పేరునకు అభయారణ్యమే గాని అందులో అరణ్యము లేదు. 614 హెక్టార్ల గడ్డినేల, అక్కడక్కడ తుమ్మపొదలు, రేగుపొదలు, మిగిలినదంతా ఆకాశము. పిల్లలను అక్కడికే తీసుకొనిపోదలచుటకు కారణము కూడ అదియే. కాని సమావేశములో ఆ మాట నా నోటికి రాలేదు. సమయమునకు రావలసిన మాట రాకపోవుట నాకు చిన్ననాటినుండి ఉన్న జబ్బు. "ఒక్కసారికి దయచేయండి" అని నమస్కరించి వచ్చినాను. బాడుగలో సగము మంజూరైనది. తక్కిన సగము స్టాఫ్ రూములో చందా వేసుకొన్నాము.

ఈ ప్రయాణమునకు బీజము పడినది ఒక సాయంకాలపు పాఠములో. ఆనాటి పాఠము జాతీయ వనములు. బి.ఎస్సీ. రెండవ సంవత్సరపు విద్యార్థిని ఒకతె చెప్పుచున్నది. నేను వెనుక చాపపై కూర్చొని వినుచున్నాను. 1872లో అమెరికాలో ఎల్లోస్టోన్ అను ప్రదేశమును జాతీయ వనముగా ప్రకటించినారనియు, మన దేశములో 1936లో హిమాలయముల పాదమున ఏర్పడిన వనమునకు తరువాత జిమ్ కార్బెట్ పేరు పెట్టినారనియు, మన రాష్ట్రములో శేషాచలము కొండలలోను, పాపికొండలలోను అటువంటి వనములు కలవనియు ఆమె చక్కగా చెప్పినది. పటము మీద వ్రేలు పెట్టి చూపినది. వెనుకటి వరుసలోని ఒక బాలుడు లేచి, "అక్కా, మన దిక్కు ఏమీ లేవా?" అని అడిగినాడు. ఆమె జవాబు చెప్పులోపలనే ప్రక్కనున్నవాడు వాని చొక్కా పట్టి కూర్చోబెట్టి, "మన దిక్కు ఏముంటాది రా, అంతా బీడే గదా" అన్నాడు.

పిల్లలందరును నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. పదేండ్లు నిండని పసివాడు తాను పుట్టిన నేలకు అప్పుడే తీర్పు చెప్పి ముగించినాడు. ఆ మాట వానిది కాదు. మనము వానికి నేర్పినది. దున్ననిది బీడు, పన్ను రానిది బంజరు, చెట్టు లేనిది ఎడారి. ఆదోని కోట కొండలమీది గుండ్లను, ఎమ్మిగనూరు చుట్టునున్న చేలను చూచి పెరిగిన పిల్లలకు, వింత అనునది ఎప్పుడును టికెట్టు కొని పోవు దూరములోనే ఉండునని మనమే చెప్పుచున్నాము. "కాదు, మన దిక్కున కూడ ఒకటి ఉన్నది" అని నేను చాపమీదినుండి లేచి అన్నాను. "నిలుచుంటే నీ రొమ్ముకు వచ్చే పక్షి. పేరు బట్టమేక. చూపిస్తాను, వస్తారా?"

ఈ "చూపిస్తాను" అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. నన్ను రెండు నెలలు నిద్రపోనీయకుండ చేసినది ఆ మాటయే.

నేను ఆ పక్షిని ఒకేయొక్కసారి చూచినాను. అది 1989 నవంబరు. రోళ్లపాడును అభయారణ్యముగా ప్రకటించి అప్పటికి ఏడాదియే అయినది. అంతకుముందే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు అక్కడ పరిశోధనకు దిగియుండిరి. దేశమంతట ఈ పక్షిజాతిని వెదకుచు తిరిగిన డాక్టర్ అసద్ రహ్మానీ, రోళ్లపాడులోనే ఏండ్ల తరబడి పనిచేసిన రంజిత్ మనక్కాడన్ మొదలైనవారి వ్రాతలవలన ఆ మారుమూల పల్లె పేరు పక్షిశాస్త్రములోనికి ఎక్కినది. మా జీవశాస్త్ర అధ్యాపకులు డిగ్రీ విద్యార్థులమైన మమ్ము ముప్పదిమందిని అక్కడికి తీసుకొనిపోయినారు. కరాచీలో టెస్టు ఆట జరుగుచున్న వారము అది. పదునారేండ్ల సచిన్ టెండూల్కర్ మొదటిసారి భారతదేశము తరపున ఆడుచున్నాడు. మాలో ఒకని చేతిలో రేడియో ఉన్నది. ఇక మా చెవులు ఎక్కడ ఉండునో వేరుగా చెప్పవలెనా?

అధ్యాపకులు దూరదర్శినిని ముక్కాలిపై నిలిపి ఒక్కొక్కరినే పిలిచినారు. నా వంతు వచ్చినది. వంగి కన్ను పెట్టినాను. పచ్చగా పండిన గడ్డిలో తెల్లని పొడుగాటి మెడ, తలపై నల్లని టోపీ, గోధుమవన్నె వీపు. నమాజు ముగించుకొని తొందర లేకుండ ఇంటికి నడచిపోవు పెద్దమనిషివలె అది అడుగు తీసి అడుగు వేయుచున్నది. ఒకసారి ఆగి తల ఎత్తి చూచినది. అర నిమిషము చూచియుందును. "చూశాను సార్" అని చెప్పి బస్సు నీడకు, రేడియో దగ్గరకు పరుగెత్తినాను. అధ్యాపకులు ఏమియు అనలేదు. తరువాతి పేరు పిలిచినారు.

ఆ అర నిమిషమును ఆరు నిమిషములు చేసుకొనియుండవచ్చును. ఆటయొక్క స్కోరు ఈనాడు ఎక్కడ వెదకినను దొరకును. ఆ పక్షి రోళ్లపాడులో దొరకదు. అక్కడ అది కనబడక చాల ఏండ్లు గడచినవి. ఈ సంగతి నాకు తెలియును. తెలిసియే పిల్లలకు "చూపిస్తాను" అని మాట ఇచ్చినాను. ఎందుకు ఇచ్చితినని అడిగినచో సరియైన సమాధానము నావద్ద లేదు. బీడు అన్న మాటమీది కోపము కొంత, పిల్లల కన్నులు ఒక్కసారిగా నావైపు తిరిగినందుకు కలిగిన మురిపెము కొంత.

బయలుదేరువరకు ప్రతి పాఠమందును పక్షి ముచ్చటయే. పేరు విన్నప్పుడే నవ్వులు: "సార్, అది మేకా, పిట్టా?" ఉర్దూ శాఖలోని మా మిత్రులు ఒక సాయంకాలము వచ్చి, దీనికి ఉర్దూలో తుగ్దార్ అని పేరని, ఈ పక్షి ప్రస్తావన బాబరు పాదుషా స్వీయచరిత్రలో కూడ కలదని చెప్పగానే కొందరు పిల్లలకు ఆ పక్షి చుట్టమైపోయినది. రాజస్థానమువారు గోడావణ్ అందురనియు, అక్కడ అది రాష్ట్రపక్షి అనియు నేను చెప్పినాను. సాలిం అలీగారు దీనినే జాతీయపక్షిగా చేయవలెనని వాదించినారు. 1963లో ఆ గౌరవము నెమలికి దక్కినది. ఆంగ్లములో ఈ పక్షి పేరును ఒక అక్షరము తప్పి పలికినచో బూతుమాట అగునని పెద్దలు జంకినారని కూడ చెప్పుకొందురు. ఈ చివరి సంగతి పిల్లలకు చెప్పలేదు. కమిటీ పెద్దలు నన్ను మన్నింతురుగాక.

జనవరిలో ఒక ఆదివారమునాడు తెల్లవారుజామున నాలుగింటికి ఆదోనిలో బస్సు బయలుదేరినది. ఎమ్మిగనూరులో మగ్గముల వీధి చివర తొమ్మిదిమంది పిల్లలు చలికి దుప్పట్లు కప్పుకొని నిలిచియున్నారు. దుప్పటి నేయు ఇండ్ల పిల్లలకు దుప్పటి కరవా? కర్నూలు చేరుసరికి వెలుతురు వచ్చినది. నందికొట్కూరు దారి పట్టిన తరువాత నేను కిటికీ ప్రక్కన కూర్చొని మాట్లాడక ఊరకున్నాను. 1989లో ఆ దారి ప్రక్కన చూచిన బయళ్లు చాలవరకు చేలైనవి. కాలువలు వచ్చినవి, అలగనూరు జలాశయము వచ్చినది. పైన కరెంటు తీగలు ఒకదానికొకటి అడ్డముగా పోవుచున్నవి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు రోళ్లపాడు నంద్యాల జిల్లాలోనికి పోయినది గనుక ఇప్పుడది మన జిల్లా కూడ కాదు. "సార్, ఎంతసేపటికి కనపడతాది?" అని ముందు వరుసలోని వాడు ప్రతి పావుగంటకు అడుగుచున్నాడు.

అభయారణ్యము ముందర ఒక వృద్ధుడు మాకొరకు నిలిచియున్నాడు. ముప్పది ఏండ్లకు పైగా అక్కడ కావలి కాచినవాడు; ఆ నేలమీది ప్రతి గుంటయు ఆయనకు తెలియును. పిల్లలు బస్సు దిగి చుట్టును చూచినారు. వారి ముఖములు వాడుటను నేను చూచినాను. గేటు, బోను, ఏనుగు, జలపాతము ఏవియు లేవు. మోకాలెత్తు ఎండుగడ్డి, దానిమీద గాలి. "ఇదేనా సార్?" అని ఒకడు, "మా ఊరి ఎనకాల ఇట్లే ఉంటాది" అని మరియొకడు.

"అట్లే ఉంటాది నాయనా. చెప్పులు ఏసుకోని నా ఎనకాల రాండి. మాట్లాడగాకండి" అన్నాడు పెద్దాయన.

పదినిమిషములు నడచినాము. ఆయన చేయి పైకెత్తి ఆగినాడు. గడ్డి చివర ఏదో కదలినది. కదలినది ఒకటి కాదు, నలుబదికి తక్కువ లేవు. కృష్ణజింకలు. ఆడజింకలు లేతవన్నెవి, మధ్యలో మెలితిరిగిన కొమ్ములతో నల్లని పోతు. మాలో ఎవరో తుమ్మినారు. మొదటి జింక నేలనుండి నిలువుగా ఎగిరినది, దాని వెనుక రెండవది, మూడవది. ఎవరో నేలక్రింద నుండి బంతులను విసరినట్లు మంద అంతయు ఎగిరి ఎగిరి పోయినది. 22 మంది పిల్లలలో ఒక్కరు కూడ చప్పుడు చేయలేదు. తరగతిలో ఇటువంటి నిశ్శబ్దమును నేను నా ఉద్యోగ జీవితములో సాధించలేదు.

అటుపిమ్మట వారికి కన్నులు వచ్చినవి. ఒకడు ఉడుము జాడ కనుగొన్నాడు. ఒకతె పేడపురుగు వెంట అరగంట నడచినది. నేలపిచ్చుక నిటారుగా పైకెగిరి రాయివలె పడుటను చూచి కొందరు చేతులు చాచి తామును పడినారు. అయితే నేను ఎన్నటికిని మరువలేనిది మగ్గముల వీధి బాలిక కనుగొన్న గడ్డిగింజ. అక్కడి గడ్డిలో సూదివంటి మొన, పొడుగాటి తోక గల గింజ ఒకటి కలదు. పావడలకు, ప్యాంట్లకు గ్రుచ్చుకొని అందరిని విసిగించినది. పెద్దాయన ఆ పిల్ల అరచేతిలో ఒక గింజను పెట్టి, సీసాలోని నీటి చుక్క వేసినాడు. ఎండిన తోక మెల్లగా, ఎవరును ముట్టకుండ, గుండ్రముగా తిరుగసాగినది. వాన పడినప్పుడు అట్లే తిరిగి తిరిగి ఆ గింజ తన్నుతాను భూమిలోనికి తొలుచుకొని పోవును. పిల్లలందరు తలలు దగ్గర చేర్చి చూచుచున్నారు. ఆ బాలిక మాత్రము తల ఎత్తకుండ, "పురి ఇప్పుకుంటాంది సార్" అన్నది.

పురి! నూలు వడికిన ఇంటి పిల్లకు తప్ప మరెవరికి ఆ మాట తోచును? వృక్షశాస్త్ర గ్రంథములలో దీనికి చాలా వివరణ ఉన్నది. ఆ ఒక్క మాటలో అదంతయు ఇమిడిపోయినది. ఆ గింజలను పిల్లలు అగ్గిపెట్టెలలో నింపుకొన్నారు. అభయారణ్యమునుండి ఏదియు తీసుకొనిపోరాదని నియమము. పెద్దాయన నావైపు చూచి, "బట్టలకు అంటుకొని పొయ్యేటివే గదా సార్" అని ముఖము ప్రక్కకు త్రిప్పుకొన్నాడు.

మధ్యాహ్నము బస్సు నీడలో పొట్లములు విప్పుకొని తినుచుండగా, ముందు వరుస బాలుడు ఆ ప్రశ్న అడిగినాడు. నన్ను కాదు, ఆయనను. "తాతా, బట్టమేక ఎప్పుడొస్తాది?"

పెద్దాయన నావైపు చూచినాడు. నేను తల వంచుకొన్నాను. ఆయన చేయి కడుగుకొని, త్రాగునీటి మట్టికడవను ఖాళీ చేసి, దాని నోటిలో తన నోరు పెట్టి "హూ...మ్" అని పలికించినాడు. గొంతు కాదు, నేల పలికినట్లుగా ఉన్నది ఆ ధ్వని. వానకాలములో పోతు గొంతుక్రింది సంచిని గాలితో నింపి, నేలకు తగులునట్లు వ్రేలాడదీసి ఇట్లు పిలిచెడిదని, ఆ పిలుపు ఎంతో దూరము పోయెడిదని చెప్పినాడు. పెట్ట గూడు కట్టదు. ఉత్తనేలమీద ఒకే గ్రుడ్డు పెట్టి నెలకు కొంచెము తక్కువ దినములు పొదుగును. "ఒక్కటే గుడ్డు. దాని మీద కుక్క పడినా, మంద నడిచినా, ఆ ఏడు అంతే." ఆగి అన్నాడు: "నా కంటికి అది కనపడక శానా ఏండ్లాయ నాయనా."

ముందు వరుస బాలుడు అన్నము చేతిలో పట్టుకొని ఆలోచించినాడు. "మరి పక్షి లేకపోతే నువ్వు దేనికి కావలి కాస్తాండావు?"

"గెడ్డికి. నిప్పు పడకుండా, గొర్లు రాకుండా."

అప్పుడు నేను చెప్పవలసి వచ్చినది. పక్షి లేదని నాకు ముందే తెలియునని, అయినను మాట ఇచ్చినానని చెప్పినాను. 1989నాటి రేడియో సంగతి కూడ దాచలేదు. పిల్లలయెదుట తప్పు ఒప్పుకొనుట పరీక్షలో తప్పుటకన్న కష్టము. కొందరు మాట్లాడలేదు. ఒకతె మాత్రము, "సచిన్ ఎంత కొట్టినాడు సార్?" అని అడిగినది. "పదిహేను" అని చెప్పినాను. అందరును నవ్వినారు, ఆ నవ్వులో నన్ను క్షమించినారో లేదో తెలియదు.

పక్షి ఎందుకు పోయినదని అడిగినప్పుడు ఒక్కరిని చూపి "వీరు" అని చెప్పుటకు వీలు లేకపోయినది. బయలు దున్నినారు, కాలువ నీరు వచ్చిన తరువాత పంటలు మారినవి. కంచె లోపల రక్షణ దొరికిన జింకలు పెరిగి చుట్టుప్రక్కల చేలమీద పడినవి. నష్టపోయిన రైతుకు జింకమీద కోపము, జింకతోపాటు అభయారణ్యముమీద కోపము. ఈ పక్షి కన్నులు తలకు ఇరుప్రక్కల ఉన్నవి. ఎదుటనున్న తీగ సరిగా కనబడదు, కనబడినను అంత బరువైన దేహము చప్పున ప్రక్కకు తిరుగలేదు. రాజస్థానము, గుజరాతులలో తీగల వ్యాజ్యము 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వులవరకు పోయినది. 2011నుండి ఇది అత్యంత ప్రమాదస్థితిలోనున్న జాతుల పట్టికలో ఉన్నది. ఇప్పుడు దేశమంతటను సుమారు 150 అని అంచనా. అందులోను ఎక్కువ భాగము జైసల్మేరు ఇసుకనేలలలోనే. అక్కడ 2019నుండి గ్రుడ్లను సేకరించి యంత్రములలో పొదిగించి పిల్లలను పెంచుచున్నారు. ఇదంతయు చెప్పుచు, నీరు పెట్టుకొన్న రైతును నిందించుటకు మాత్రము నాకు నోరు రాలేదు. నా ఎదుట కూర్చున్న పిల్లలలో సగముమంది తండ్రులు ప్రత్తి చేలలో కూలికి పోవువారు. పశ్చిమ ప్రాంతములో వాన రాని యేడు ఎట్లుండునో వారికి నేను చెప్పనక్కరలేదు. ఈ నేలను "బీడు" అని కాగితముమీద వ్రాసినవారినే నేను కొంచెము గట్టిగా నిందించినాను. బీడు అన్న తరువాత దానిని ఏమి చేసినను లాభమే గదా!

ఇక దక్షిణ దేశములో ఎక్కడను లేవా అని అడిగినారు. ఉన్నవి, వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. కర్ణాటకములో, బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకా నల్లరేగడి బయళ్లలో అప్పుడప్పుడు కనబడుచున్నవి అని చెప్పినాను.

"సిరుగుప్పనా!" అని ఆదోని బాలుడొకడు దిగ్గున లేచినాడు. "మా చిన్నమ్మను అక్కడికే ఇచ్చినారు సార్! మా ఇంటినుంచి గంటన్నర. అది అటు పక్కన ఉంటే మనం ఇటు పక్కకు ఎందుకొచ్చినాం?"

న్యాయమైన ప్రశ్న. తెల్లవారుజామున లేచి తూర్పునకు ఇంత దూరము వచ్చి వెదకుచున్న పక్షి, మా ఊరికి పడమట, వాని చిన్నమ్మ ఊరి చేలలో తిరుగుచున్నది. దానికి ఆంధ్ర కర్ణాటక సరిహద్దు తెలియదు. ఏదో ఒకనాడు మన ఆదోని తాలూకా చేనిమీదుగా కూడ ఎగిరి పోయియుండవచ్చును, మనలో ఎవరో తల ఎత్తక కలుపు తీయుచునో, రేడియో వినుచునో ఉండవచ్చును. "అయితే వచ్చే ఆదివారం సిరుగుప్ప పోదాం సార్!" అని బస్సు నీడ అంతయు కేకలు.

నాకును ఆశ పుట్టలేదని చెప్పను. ఇచ్చిన మాట నిలబడును. 1989లో విడిచిన అర నిమిషము తిరిగి వచ్చును. కాని లెక్కకు నాలుగో అయిదో మిగిలిన పక్షుల మధ్యకు 22 మంది పిల్లలను బస్సులో దింపుట ఏమి పని? ఒక్క గ్రుడ్డు పెట్టు పెట్టను గూటినుండి లేపుటకు ఒక్క కేక చాలును. "పోము" అని చెప్పినాను. వాడు అలిగినాడు. సాయంకాలమువరకు నాతో మాట్లాడలేదు. పిల్లలకు వింతలను చూపవలెనని బయలుదేరినవాడు, ఒక వింతను చూపకుండుటయే మేలని చెప్పవలసి వచ్చుట నాకు కొత్త అనుభవము. వానికి నచ్చజెప్పునంత నేర్పు నాకు ఆనాడు లేకపోయినది.

పెద్దాయన మమ్ము సాయంకాలమువరకు ఉండుడన్నాడు. చీకటి పడిన తరువాత ఆడపిల్లలతో ప్రయాణము ఎట్లని నేను సంకోచించినాను. తోడు వచ్చిన విద్యార్థినులు ధైర్యము చెప్పగా ఆగినాము. ప్రొద్దు క్రుంకుటకు అరగంట ముందు, ఎత్తైన గడ్డి ఎదుట అందరిని నేలమీద కూర్చోబెట్టినాడు. మొదట ఒకటి వచ్చినది. రెక్కలు సన్నగా పొడుగుగా, గడ్డి కొసలను తాకీ తాకనట్లు, తేలుచు వచ్చి అటునిటు తిరిగినది. పిల్లిగద్ద. తరువాత రెండు, అయిదు. తరువాత నాలుగు దిక్కులనుండియు. దేహపు బరువు చూచినచో పావురమంత. రెక్కలు విప్పినచో రెండు మూరలకు పైబడును. కజకిస్తాను గడ్డిబయళ్లలో పిల్లలను పెంచి, చలి ముదరకముందే బయలుదేరి మన దేశమునకు వచ్చు పక్షులివి. గద్ద అనగా చెట్టుకొమ్మమీద నిద్రించునని మనము అనుకొందుము. ఇవి గడ్డిలో, నేలమీద, ఒకచోట గుంపుగూడి నిద్రించును. ఒకప్పుడు రోళ్లపాడులో వందలకొలది దిగెడివని పక్షిశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. ఆనాడు పిల్లలు లెక్కించినవి 31. ఒకరి లెక్క 29, మరియొకరిది 34; వాదించుకొని 31 అని తీర్మానించినారు.

"వీసా ఏమీ లేదా సార్ వీటికి?" అని ఒకడు. "ఇంత దూరమొచ్చి ఈ గడ్డిలోనా పడుకునేది?" అని ఒకతె. "గడ్డి ఉండబట్టే వచ్చినాయి పాపా" అన్నాడు పెద్దాయన. ప్రక్కకు చూచినాను. చాపమీద కూర్చొని "అంతా బీడే గదా" అన్న బాలుడు మోకాళ్లు కౌగిలించుకొని, కనురెప్ప వేయక చూచుచున్నాడు. వానిని నేను ఏమియు అడుగలేదు. అడిగినచో పాఠమైపోవును.

సాలిం అలీగారి బాల్యములో ఒక సంఘటన కలదు. పిల్లతుపాకితో కొట్టిన ఒక పిచ్చుక గొంతుమీద పసుపుపచ్చని మచ్చ కనబడగా, అది ఏ పక్షియో తెలియక ఆయన తన మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీగారిని అడిగినారు. తనకును తెలియదని ఒప్పుకొని ఆయన ఆ బాలుని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపినారు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ దొర పిల్లవానిని త్రోసిపుచ్చక, సొరుగులు తెరచి పక్షులన్నిటిని చూపినాడు. ఆ రాత్రి తిరుగు ప్రయాణములో, నిద్రపోవుచున్న పిల్లల మధ్య కూర్చొని నేను ఆలోచించినది ఆ దొరను గురించి కాదు, ఆ మేనమామను గురించి. "నాకు తెలియదు" అన్న మాట ఆయనకు ఎంత సులభముగా వచ్చినది!

అలిగిన బాలుడు కర్నూలు దాటిన తరువాత వచ్చి నా ప్రక్కన కూర్చున్నాడు. ఇంటికి పోగానే చిన్నమ్మకు ఫోను చేసి, చేనిలో పెద్ద పక్షి కనబడినచో ఎవరును రాళ్లు వేయవద్దని, కుక్కలను వదలవద్దని చెప్పెదనన్నాడు. "మీరు పోరు సరే, వాళ్లు ఉండేదే అక్కడ గదా" అన్నాడు. చిన్నమ్మ కనబడినదని ఇంతవరకు చెప్పలేదు. వాడు వారమునకొకసారి అడుగుచునే యున్నాడట. ఆమె విసిగి ఫోను తీయుట మానినదని వాని తల్లి నాతో చెప్పి నవ్వినది.

అగ్గిపెట్టెలలోని గింజలు చాల దినములు సాయంకాలపు పాఠములను చెరచినవి. ఎవరి అరచేతిలో గింజ ఎక్కువ చుట్లు తిరుగునో అని పందెములు. మగ్గముల వీధి బాలిక తన గింజను పెరటి మట్టిలో పెట్టినది; వాన వచ్చువరకు నీరు పోయనని పట్టుబట్టినది.

మొన్న ఏప్రిల్‌లో ఒక ఉదయము ఆ సిరుగుప్ప బాలుడు రొప్పుచు మా ఇంటికి వచ్చినాడు. ఆదోనిలో వాండ్లు క్రికెట్టు ఆడు బయలులో తీతువు పిట్ట నేలమీద నాలుగు గ్రుడ్లు పెట్టినది. అరుపు విని పొరుగింటి ముసలమ్మ అశుభమని గ్రుడ్లను తీసివేయమన్నదట. వీడు వినలేదు. పోయి చూచినాను. మట్టిరంగులో మచ్చల గ్రుడ్లు. వ్రేలు పెట్టి చూపువరకు నాకు కనబడలేదు. చుట్టును దూరముగా ఇటుకలు పేర్చియున్నవి. పిచ్ మరియొక ప్రక్కకు జరిగినది. బౌలరు పరుగెత్తుటకు చోటు సగమైపోయినది. తీతువు మా తలలమీద తిరుగుచు గోల చేయుచున్నది.

"ఎన్ని దినాలకు పిల్లలవుతాయి సార్?" అని అడిగినాడు.

నాకు తెలియదన్నాను. ఇద్దరమును ఇంటికి పోయి పుస్తకము తీసి చూచినాము. 28నుండి 30 దినములు. వాడు వ్రేళ్లు మడచి లెక్కపెట్టుకొన్నాడు.

"అయితే ఫైనలు అవతలి పేటలో ఆడుకుంటాం" అని చెప్పి, మా ఇంట ఇచ్చిన టీ సగమే త్రాగి పరుగెత్తినాడు.